టీవీకి పెట్టిన బొట్టు

ఏమండీ, టీవీ పాడవలేదు. మెకానిక్‌ని పిలవకండి, దాని నెత్తిన కొట్టకండి. నిన్న ఆయుధ పూజలో అత్తయ్య మగ్గానికి పెట్టినట్టే టీవీకీ ఇంత కుంకుమ బొట్టు పెట్టారు. అది సరిగ్గా కింద ఎర్ర లైటు మీద పడి రిమోట్‌కి అడ్డొచ్చింది. ఇందాక దుమ్ము దులుపుతుంటే కనిపించింది. తడిగుడ్డతో మెల్లగా తుడవండి, వెలుగుతుంది. ఆవిడకి మాత్రం బ్యాటరీలు మార్చానని చెప్పండి. "టీవీ మోగందే మావాడికి మగ్గం మీద చెయ్యాడదు" అంటూ ఎంతో ముచ్చటగా పెట్టారు.

నేను హనుమాన్ జంక్షన్ షాపులో చీరలిచ్చి సాయంత్రానికల్లా వస్తాను. పప్పు వేడి చేసుకుని ఇద్దరూ తినండి. నిన్నంతా వైర్లు పీకుతూ కూర్చున్నారు గానీ, నన్నొక్క మాట అడిగారా?

– రాజేశ్వరి

చెప్పడం మరిచాను. అత్తయ్య నా ఫోను కెమెరాకీ బొట్టు పెట్టారు. రోజూ "ఆ ఫోను పక్కన పడేసి పని చూడమ్మా" అనే మనిషి! ఫోనులో చీరలు అమ్మడమూ పనేనని మీకంటే ముందు ఆవిడే ఒప్పుకున్నారు. ఫొటోలన్నీ ఎర్రగా వస్తున్నాయి. రానివ్వండి, ఇవాళ్టికి తుడవను.