కందూరి పొయ్యి బూడిద

అనకాపల్లి,
ఏప్రిల్ 18, 1969

అన్నయ్యకు జోహరా సలాములు. పర్లాకిమిడిలో నీ కూతురింట అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు ఊరు విడిచిన ఈ ఆరేళ్లూ పండగ పండగకీ నీకు కార్డు రాస్తూనే ఉన్నాను. కార్డులో పట్టని మాట ఒకటి నాలో ఉండిపోయింది. అందుకే ఈరోజు కవరు కొన్నాను.

మామిడికాయలు దిగుతున్నాయి. మన పాత పళ్ల దుకాణం ముందు నుంచి నడిస్తే పెరట్లోని ఆ పుల్లటి తీపి వాసన ఇంకా వస్తున్నట్టే ఉంటుంది. మా ఆయన పోయి నేను నీ ఇంటికి చేరిన కొత్తలో, పొయ్యి ఊదుతూ దగ్గుతుంటే గుమ్మంలో నిలబడి, "ఈ పొగ నిన్ను సంపేత్తాదే జోరా" అన్నావు. మర్నాడే బ్లాకాఫీసు నుంచి పేడ గ్యాసు పుస్తకం తెచ్చావు. పేడకి వచ్చేది కుళ్లిన పండుకి ఎందుకు రాదని నీ వాదన. నీళ్ల డ్రమ్ములో ఇంకో డ్రమ్ము బోర్లించి, పైన గొట్టం పెట్టావు. కాస్త పేడనీళ్లు పోసి, రోజూ అమ్ముడుపోని మామిడిపళ్లూ అనాస తొక్కలూ నలిపి వేసేవాడివి. లోపల కంటికి కనపడని పురుగులు వాటిని తిని గ్యాసు వదులుతాయని చెప్తే, ఆ పక్కన నడవడానికే నాకు భయం వేసేది.

నెల దాటినా మంట రాలేదు. అగ్గిపుల్ల పెడితే ఆరిపోయేది. పక్కింటి సత్తియ్య, బెల్లం వండే సత్తియ్య, గోడమీంచి తొంగిచూసి, "సాయిబు గారూ, కల్లు గానీ దింపుతన్నారేటి?" అన్నాడు. నువ్వూ నవ్వావు. కానీ ఆ పూట కంచంలో అన్నం సగం వదిలేశావు.

అది చూసి ఉండలేకపోయాను. గురువారం దర్గాకి వెళ్లి, పీరుగారి పేరున అందరికీ పెట్టే కందూరి వంట అయిన పొయ్యిలోంచి బూడిద మూటగట్టి తెచ్చాను. నేనెప్పుడు తెచ్చినా నీకు వేళాకోళమే. "మంటలోంచి బూడిదొత్తాది గానీ, బూడిదలోంచి మంటొత్తాదేటే?" అనేవాడివి. నువ్వు నమాజుకి వెళ్లిన వేళ చూసి ఆ బూడిద నలిపిన పళ్లలో చల్లాను. మర్నాడూ చల్లాను. మూట అయిపోతే మళ్లీ గురువారం తెచ్చాను.

మూడో వారంలో నీలం మంట లేచింది. నువ్వు దానిమీద చాయ్ కాచి మొదటి గ్లాసు నాకే ఇచ్చావు. కళ్లు మండకుండా తాగిన ఆ చాయ్ రుచి నేను మరిచిపోలేదు.

నేను మాత్రం నోరు విప్పలేదు. పీరుగారి దయని నా పేరున చెప్పుకుంటే పాపమనుకున్నాను. నువ్వు కోప్పడతావన్న భయమూ ఉంది.

తర్వాత ఎలమంచిలిలో చేసి చూపించమని బ్లాకాఫీసు వాళ్లు నిన్ను పిలిచారు. రెండు నెలలు అక్కడే ఉండి కొత్త డ్రమ్ము తయారుచేశావు. నీ వెంట నా మూట రాలేదు. అంతమంది ముందు మంట రాక ఒక్కో పుల్లా గీస్తుంటే ఎవరో, "సాయిబూ, పెట్టంతా గీసేసేవు, సుట్టకైనా ఓ పుల్ల ఉంచు!" అన్నాడట. ఇంటికొచ్చి పెరట్లో డ్రమ్ము దొర్లించేసి, దుకాణం ఒకరికి అప్పగించి వెళ్లిపోయావు.

మొన్న సత్తియ్య ఈ ఏటి ఆఖరి వంటకి సున్నం బుట్ట పట్టుకెళ్తుంటే, బెల్లానికి సున్నమెందుకని అడిగాను. "రసం పులుపెక్కితే బెల్లం కట్టదు కదమ్మా. సున్నం ఆ పులుపుని సంపేత్తాది. బూడిదైనా అంతే" అన్నాడు. నేను అక్కడే అరుగుమీద కూర్చుండిపోయాను. నీ డ్రమ్ముకి పట్టింది ఆ పులుపే. అన్నయ్యా, ఎలమంచిలిలో నీ తెలివి ఓడిపోలేదు. నేను నోరు మూసుకోవడం వల్ల నువ్వు తలదించుకున్నావు, అదీ నా పొగ పోగొట్టడానికి చేసిన పనిలో. సత్తియ్య మాటతో నా నమ్మకం పోలేదు. బూడిద తేవాలని నాకు తోచడమే ఆ దయ అనుకుంటున్నాను. క్షమించమని మాత్రం నిన్నే అడగాలి.

నీ చెల్లెలు,
జోహరాబీ

అనకాపల్లి,
మే 9, 1969

అన్నయ్యా, సలాం.

నీ కార్డు అందింది. "డ్రమ్ము దొర్లించిన రోజే అడుగున బూడిద గడ్డలు చూసేను. ఎవరు ఏసేరో అడగక్కర్లేదు. నిన్ను ఎక్కిరించిన నోటితో, నీ బూడిదే గెలిపించిందని నలుగురిలో ఎలా సెప్పనే? అందుకే ఊరొదిలేసేను" అని రాశావు. చదివి ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది. ఆరేళ్లు ఇద్దరం ఒకరి దగ్గర ఒకరం ఒకే బూడిద దాచుకున్నాం.

అక్కడ పనస తొక్కలతో మళ్లీ డ్రమ్ము పెట్టావని చదివి చాలా సంతోషించాను. అదీ పులిసిందంటూ, రోజుకి ఎన్ని గుప్పిళ్లు వేసేదాన్నని అడిగావు. నేనెప్పుడూ గుప్పిళ్లు చూసుకోలేదు అన్నయ్యా. ఫాతిహా చదవడం మొదలుపెట్టి ఆమీన్ అనేదాకా చల్లేదాన్ని. నువ్వు ఏ పొయ్యి బూడిదైనా తీసుకో. ఫాతిహా మాత్రం తొందరపడకుండా చదువు.

మంట వచ్చిన రోజు రాయి. చాయ్ తాగడానికి వస్తాను.

నీ జోరా