గింజల మధ్య ఖాళీలు

అక్కా, నేను కులాసాగానే ఉన్నాను, కంగారుపడకుండా చదువు.

మా కంటి ఆసుపత్రికి కొత్త యంత్రం వచ్చింది. వెలుగును పట్టే కణాలను బతికున్న మనిషి కంట్లోనే ఒక్కొక్కటిగా చూపిస్తుందట. దాన్ని సరిచూడటానికి మంచి కన్ను కావాలని, చీటీలు రాసే నన్నే కూర్చోబెట్టారు. తల కదలకుండా పళ్లతో ఒక అచ్చును కరిచిపట్టుకోవాలి. నా నోరు మూయించగలిగింది లోకంలో అదొక్కటేనని బావగారికి చెప్పు, నవ్వుకుంటారు.

తెర మీద కణాలు మొక్కజొన్న గింజల్లా కనిపించాయి. మధ్యమధ్య నల్లటి ఖాళీలు.

"చార్టు చివరి వరసదాకా చదివాను కదండీ!" అన్నాను.

"ఆ ఖాళీల్లో కణాలు చచ్చిపోయాయమ్మా. చూపు తగ్గకముందే ఇందులో తెలిసిపోతుంది. ఈ జబ్బు ఇంట్లోవాళ్లకీ ఉండొచ్చు. తోడబుట్టినవాళ్లున్నారా?" అన్నారు డాక్టరుగారు.

అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

కుట్టుమిషను బాగైందా? సూదిలో దారం నువ్వే ఎక్కిస్తున్నావా? నాన్న మోకాలి నొప్పి ఎలా ఉంది? పనులు ఎక్కడివక్కడ వదిలేసి ఒక్కసారి రా, నీ కళ్లూ చూపిద్దాం.

పాపకు ముద్దులు. ఈమధ్య నీ ఉత్తరాలన్నీ బావగారి చేతిరాతలోనే వస్తున్నాయి. ఈసారి వంకరటింకరగా ఉన్నా సరే, జవాబు నువ్వే రాయి.

నీ చెల్లి