పప్పన్నంలో ముల్లు

అత్తా,

నువ్వు పోయి నాలుగు నెలలు. నీ మనవరాలికి రెండున్నరేళ్ళు వచ్చాయి.

నువ్వు కవళ్ళ చేపల్ని చేత్తో నలిపి, ముళ్ళు ఏరి కంచం అంచున పెట్టి, దానికి ముద్ద తినిపించేదానివి. “చేత్తో వద్దత్తా, స్పూనుతో పెట్టు” అని కసిరేదాన్ని. “సెంచాకి ముల్లు ఎలా తెలుస్తాదే?” అనేదానివి.

పోయిన నెల స్పూనుతోనే చేప పెట్టాను. ముల్లు పిల్ల గొంతులో గుచ్చుకుంది. మన డైరీ ఫార్మ్ పేట నుంచి ఆసుపత్రికి ఆటోలో వెళ్ళినంతసేపూ అది ఏడుస్తూనే ఉంది. డాక్టరు ముల్లు తీసేశాడు, నా భయాన్ని తీయలేకపోయాడు. అప్పటినుంచి ఇంట్లో చేప వండలేదు. చేపల వేటకెళ్ళే నీ కొడుకు కూడా పప్పే తింటున్నాడు. పక్కింటి దీదీ మాత్రం “బచ్చీకి మచ్చీ మాన్పించకు, డరో మత్” అంటూ, పిల్లకి చేప మాన్పించొద్దని, భయపడొద్దని చెబుతోంది.

ఇవాళ మధ్యాహ్నం పిల్లకి పప్పన్నం పెట్టాను. నోట్లో పెట్టుకోదు. బొటనవేలితో మెతుకులు నలుపుతోంది, అచ్చం నీలాగే.

“ఏటమ్మా వెతుకుతున్నావు?”

“ముల్లు.”

“పప్పులో ముల్లుండదమ్మా. అమ్మ చూసింది కదా!”

నా మాట నమ్మలేదు. కంచం రెండు చేతులా పట్టుకుని, తడబడుతూ వెళ్ళి, నువ్వు కూర్చునే పీట ముందు పెట్టింది.