సూపర్‌వైజరుగారి మెచ్చుకోళ్లు

వదినకి,

మీ మరదలి నమస్కారాలు. ఇద్దరం బాగున్నామని రాద్దామనుకున్నాను గాని, అది సగమే నిజం.

కుర్చీల కంపెనీలో మీ తమ్ముణ్ణి సూపర్‌వైజరుని చేశారు. కింది మనుషుల్ని ఎలా నడిపించాలో తరగతులు పెట్టి నేర్పించారు. అప్పట్నుంచి మనిషి మారిపోయారు. ఇదివరకు కూర మాడితే కంచం పక్కకి జరిపేవారు. మొన్న, "నీ ఓపిక గొప్పది. ఉప్పు సరిగ్గా పడింది. మాడు ఒక్కటే కాస్త చూసుకో. నువ్వుండటం మా అదృష్టం" అన్నారు. ఆ "మా" ఎవరో తెలీదు. ఇంట్లో ఉండేది ఇద్దరమే.

"ఐదేళ్ల తర్వాత నువ్వెక్కడ ఉండాలనుకుంటున్నావు?" అని కూడా అడిగారు. ఇక్కడ కాక ఇంకెక్కడుంటాను? వంటింట్లోకి వెళ్లిపోయాను.

మీ మరదలు

తా.క. నిన్న ఆయన పనితీరు మీద నా అభిప్రాయం చెప్పమన్నారు. చీపురు తీసుకుని, ఊడ్చిన గదే మళ్లీ ఊడ్చాను.

*

మరదలు పిల్లకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి మంచినీళ్లు తాగాను. మా తమ్ముడు మెచ్చుకున్నాడా? వాడు నా పెళ్లి భోజనాన్నే "పరవాలేదు" అన్న మనిషి. అలాంటివాడు ఉన్నట్టుండి తియ్యగా మాట్లాడుతున్నాడంటే ఏదో దాస్తున్నాడు. ఎక్కడుంటావని అడిగాడంటే నిన్నెక్కడికో పంపే ఆలోచనే. కళ్లు తెరిచి చూస్తూండు, నోరు మాత్రం విప్పకు. అదెలాగూ నీకు అలవాటే.

నీ మంచి కోరే వదిన

తా.క. ఏమవుతుందో చూద్దామని మీ అన్నయ్యగారిని నేనూ కాస్త మెచ్చుకున్నాను. ఆయన లేచి వెళ్లి బీరువా తాళాలు దాచుకున్నారు.

*

వదినకి,

మీరన్నదే నిజమైంది. పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంతో మాట్లాడుతున్నారు. తలుపు వెనక నిలబడి విన్నాను. "మీరు చేసింది ఎవరూ మరిచిపోరు. తప్పు మీది కాదు. కానీ వచ్చే నెల నుంచి మీ చోట్లో ఇంకొకళ్లని పెట్టక తప్పదు" అంటూ అక్కడ ఆగి కళ్లు తుడుచుకున్నారు.

నన్ను "మీరు" అంటున్నారు వదినా. అప్పుడే పరాయిదాన్ని చేసేశారు.

చీరలు పెట్టెలో సర్దుకున్నాను. ఆయన నోటితో చెప్పాకే వెళ్తాను. వచ్చే ఆవిడకి మా కుళాయి సంగతి కూడా చెప్పాలి. పైకెత్తి తిప్పితేగాని నీళ్లు ఆగవు.

ప్రస్తుతానికి మీ మరదలు

*

మరదలు పిల్లకి,

ముందు ఆ పెట్టె విప్పు. ఆ ఇంట్లోంచి ఎవరైనా వెళ్లాల్సివస్తే వాడే వెళ్తాడు. శనివారం బస్సుకి బయల్దేరుతున్నాను. వాడి చెవి చిన్నప్పుడు ఎంత మెలేశానో ఇంకా నా చేతికి గుర్తుంది.

ఎప్పటికీ నీ వదిన

తా.క. కుళాయి సంగతి ఎవరికీ చెప్పకు. వచ్చినావిణ్ణి అవస్థ పడనీ.

*

వదినకి,

మీరు బస్సెక్కకముందే ఈ ఉత్తరం అందాలని ప్రార్థిస్తున్నాను.

నా పెట్టె చూసి "ఎక్కడికి?" అన్నారు. "నా చోట్లోకి ఎవరొస్తున్నారు?" అన్నాను. పెళ్లయ్యాక ఆయన మొహం చూసి అడిగిన మొదటి మాట అదే. ఆయన నన్ను కూర్చోబెట్టి సంగతంతా చెప్పారు.

అద్దం ముందు అన్న మాటలు నాకు కాదట. ఈయనకి పని నేర్పిన పాలిష్ మేస్త్రిగారికట. ముసలాయన చేతులు వణుకుతున్నాయి, మాన్పించమన్నారట పైవాళ్లు. చెప్పడానికి మనసొప్పక అద్దానికి చెప్పుకుంటున్నారు. తప్పు చెప్పేముందు మెచ్చుకోవాలని తరగతుల్లో నేర్పారట, అదీ, ఆ ఐదేళ్ల ప్రశ్నా నా మీద సాధన చేస్తున్నారు.

"ఆయన్ని మాత్రం మెచ్చుకోకండి. మెచ్చుకుంటే ఎంత భయమేస్తుందో నాకు తెలుసు. సూటిగా చెప్పండి" అన్నాను.

మర్నాడు ఈయన వెళ్లి "మేస్త్రిగారూ" అనగానే ఆయన చెయ్యెత్తారట. "ఆగు నాయనా, ముందు నేను చెప్పాలి. నేను మానేస్తాను. కొత్తగా పెద్దవాడివయ్యావు, వదిలిపోతున్నానంటే బెంగ పడతావని చెప్పలేకపోతున్నాను. ఇంట్లో గోడకి చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది" అన్నారట. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని నవ్వారట. ఇకమీదట పొద్దుటిపూట వచ్చి కొత్తవాళ్లకి పని నేర్పడానికి ఆయన ఒప్పుకున్నారు. పైవాళ్లని ఈయన ఒప్పించారు.

పెట్టె విప్పేసిన మీ మరదలు

తా.క. "వెళ్లిపోతున్నాను, నన్ను ఆపొద్దు" అని మేస్త్రిగారు గోడకి చెప్పడం ఆయన భార్య కూడా విందట. ఆవిడకి ఉత్తరం రాసుకోవడానికి వదిన లేదు. అందుకని అప్పుడే లోపలికెళ్లి ఎవరితో మాట్లాడుతున్నారని ఆయన్నే అడిగేసిందట. అలా కూడా చెయ్యొచ్చని మనిద్దరికీ ఎందుకు తట్టలేదు వదినా?