గడియారం చూపించినదాంట్లో సగం

నా శ్రీమతికి,

నువ్వు మొక్కలు నాటి వెళ్లిన రెండు కుండీలూ, వాటికి రోజూ నీళ్లు పోస్తున్న నేనూ ఇక్కడ క్షేమం. నువ్వూ, నీ హాస్టల్ గదిలోని ఆ గురకల స్నేహితురాలూ అక్కడ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకున్నాం కదా, మళ్లీ ఇంత పొడుగు జవాబెందుకు అనుకోకు. ఫోన్‌లో అయితే చెప్పేలోపే నా గొంతులో తేడా పట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. మొదటిది, వంటింటి కుళాయి కారడం ఆగిందా అని. ఆగింది, నేనే వాషర్ మార్చాను. రెండోది, నడుం ఎంతకొచ్చిందని. ఈ ఉదయం తొంభై ఒకటిన్నర సెంటీమీటర్లు. సోమవారం పరీక్షలో తొంభై రెండు దాటకూడదు కదా, దాటలేదు. ఫైర్ స్టేషన్లో అందరూ నన్ను కొత్త పెళ్లికొడుకా అని పిలుస్తున్నారు. మూడోదానికి తర్వాత వస్తాను, కోప్పడకు.

తలుపు మీద నువ్వు అంటించిన కాగితం అలాగే ఉంది. ఆసుపత్రి రోగులకు భోజనం లెక్కకట్టడం నేర్చుకుంటూ మొదటి రోగిగా మొగుణ్ణి ఎంచుకున్నావని మావాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. రోజుకి రెండువేల కేలరీలు. కసరత్తు చేసిన రోజు, ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయని చేతి గడియారం చూపిస్తే అందులో సగం అదనంగా తినాలి. గడియారం గొప్పలు చెప్పుకుంటుంది కాబట్టి సగమే నమ్మమన్నావు. ఆ సగం తినకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుందని రాసి, కింద ఎర్ర సిరాతో గీత గీశావు. అది రోజూ చదువుతూనే ఉన్నాను.

పరీక్ష సంగతి నీకు తెలిసిందే. ముందు నడుముకి టేపు పెడతారు, తర్వాత ఎనభై కిలోల ఇసుక బస్తా భుజాన వేసి మూడంతస్తులు ఎక్కిస్తారు. ఏది తప్పినా ఫైరింజన్ దిగి ఫోన్ల గదిలో కూర్చోవాలి. పదమూడేళ్లు బండి మీద వెళ్లినవాణ్ణి, ఆ కుర్చీలో కూర్చుని మంటలెక్కడండీ అని అడగడం నావల్ల కాదు. తింటే టేపు ఒప్పుకోదు, తినకపోతే మెట్లు ఒప్పుకోవు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టుంది నా పని.

ఇక దాచింది చెబుతాను. వారం వారం నీకు పంపిన జాబితాల్లో సగం తిన్నానని రాశాను. అబద్ధం. ఏడు వారాల్లో ఒక్కరోజు కూడా తినలేదు. గడియారం ఆరువందలు చూపిస్తే, మూడువందలు తినకుండా మిగిల్చానని సంబరపడ్డాను. టేపు తగ్గేకొద్దీ ఆశ పెరిగింది. మంచినీళ్లు తాగి కడుపు నింపుకుని, నీకు మాత్రం గుడ్లూ పాలూ అని రాశాను.

పోయిన బుధవారం మెట్ల మీద ప్రాక్టీసు. బస్తాకి బదులు నా జోడీని ఎత్తుకున్నాను. అదే, పొడుగని అందరం నిచ్చెన అంటామే, వాణ్ణి. రెండో అంతస్తు మలుపులో నా మోకాళ్లు వణికాయి, వాణ్ణి వదిలేశాను. వాడి మణికట్టు విరిగింది. మెట్లు తడిగా ఉన్నాయని నీకు ఫోన్‌లో చెప్పాను. పొడిగానే ఉన్నాయి. ఆఫీసరుగారు అడిగితే నిచ్చెన, "నేనే భుజం మీద కదిలాను సార్, వాడి తప్పేం లేదు" అన్నాడు. ప్రాక్టీసులో ఆకతాయి పని చేశాడని వాడికి మెమో ఇచ్చారు. నేను పక్కనే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

సిగ్గు నిలవనివ్వక, నిన్న ఉదయం జరిగింది జరిగినట్టు రాసి ఆఫీసరుగారి చేతిలో పెట్టాను. పరీక్షకి రెండు నెలలు గడువు అడిగాను. ఆయన చదివి, మడిచి, సొరుగులో పెట్టుకున్నారు.

"ఇప్పటికే ఇద్దరు తక్కువయ్యా. నువ్వూ ఆగిపోతే మూడోవాణ్ణి నేనెక్కణ్ణించి తేను? సోమవారం రా. బస్తా కాస్త తేలిగ్గానే ఉంటుందిలే" అన్నారు.

ఇప్పుడు నా భయం పరీక్ష తప్పుతానని కాదు, గట్టెక్కిస్తారని. రానంటే ఆజ్ఞ మీరినట్టు, వెళ్తే ఆ ఇసుక తీసిన బస్తా మోసినట్టు. నిచ్చెన మెమో అలాగే ఉంది, నా కాగితం ఆ సొరుగులోనే ఉంది.

ఈ రోజు గడియారం నాలుగువందల ఎనభై చూపించింది. అందులో సగానికి మూడు గుడ్లు ఉడకబెట్టుకుని నిలబడే తిన్నాను. ఏడు వారాల్లో పోయిన కండ మూడు గుడ్లకి తిరిగి రాదని నువ్వు చెప్పక్కర్లేదు.

నీ మూడో ప్రశ్న. ఈ ఇంట్లో దిగిన రోజు నీ కాలు బెణికితే ఎత్తుకుని మూడో అంతస్తుకి తెచ్చాను కదా. వచ్చే నెల వస్తున్నాను, మళ్లీ ఎత్తుకుంటావా అని సరదాగా అడిగావు. ఎత్తుకోలేను. నీకేం, నువ్వు నడిచి వస్తావు. సోమవారం తర్వాత నా భుజం మీదికి వచ్చేవాళ్లు మాత్రం నడవలేనివాళ్లు.

ఇట్లు,
నీ దగ్గర ఇక ఏమీ దాచని
మీ ఆయన