బండ మీది పొట్లం

1948 మే 24

ఈ ఊళ్ళో బతకాలంటే కడుపు కుట్టేసుకోవాలి. ఇబ్రహీంపట్నం దవాఖానకు కాంపౌండర్‌గా వచ్చి నెల కూడా కాలేదు, అప్పుడే చిక్కి సగమయ్యాను. గుట్టల పక్క ఊళ్ళలో రజాకార్ల భయానికి ఇళ్ళు వదిలినవాళ్ళంతా ఇక్కడే చేరారు. బయటి నుంచి సరుకు బంద్. ఉప్పు కంటికి కనబడడం లేదు. హోటల్లో అన్నం ధర వింటేనే ఆకలి చస్తుంది.

పోనీ ఆ ధర ఇచ్చినా లోపల కూర్చోనిస్తాడా? హోటలాయన పేరడిగాడు. యోబు అన్నాను. ఏ ఊరన్నాడు. యాచారం అన్నాను. ఇంకేమీ అడగలేదు, వెనక వాకిట్లో నిలబడు, ఆకులో పెట్టిస్త, తీస్కపో అన్నాడు. మా ఇంట్లో యేసుప్రభువును నమ్మి రెండు తరాలైంది. ఈ హోటల్‌కు ఆ కబురింకా అందలేదు. పైగా పప్పంతా నీళ్ళు. థూ.

మే 26

లంచ్: అటుకులు. రాయడానికేం లేదు.

మే 31

దొరికింది!

చెరువు కట్ట కింద బెస్తోళ్ళ ఈదమ్మ అని ఒకామె. గంపలో మోదుగాకు పొట్లాలు. జొన్నరొట్టె, చింతచిగురులో ఎండు పరక చేపలు. హోటల్ ధరలో పావు వంతు కూడా లేదు. దవాఖాన వెనక వేపచెట్టు కింద విప్పి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. అబ్బబ్బ! ఆకు కూడా నాకాను, ఎవరూ చూడలేదు.

ఊరంతా చప్పిడి తింటుంటే నీకు ఉప్పెక్కడిదని అడిగాను. చాపకే ఉన్నది, మళ్ల నేనెందుకేస్త అంది. నిరుడు ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపలట.

ఒక్కటే షరతు. పొట్లానికి కట్టిన దారం తెంపొద్దు, తెచ్చియ్యాలె, వల దారం దొరుకుతలేదు అంది. ఆ ముడి విప్పేసరికి నా గోళ్ళు ఊడొచ్చాయి.

జూన్ 9

ఒక మాట రాయకుండా దాటేస్తూ వచ్చాను. ఈదమ్మ పొట్లం నా చేతికివ్వదు. పక్కనున్న బండ మీద పెడుతుంది, నేను తీసుకుంటాను. దారం కూడా బండ మీదే పెట్టాలి. హోటల్ వాకిలీ ఈ బండా ఒకటే కదా? ఒకటే. అయినా రోజూ పోతున్నాను. హోటల్ మీద కోపమొస్తుంది, ఈమె మీద రాదు. వంట బాగుంటే మనిషికి రోషం తగ్గుతుందేమో. నా మీద నాకే అసహ్యమేసింది.

జూన్ 28, మధ్యాహ్నం

పోలీసు అమీన్ సాబ్ కాలి పుండుకు డ్రెస్సింగ్ చేయించుకోవడానికొచ్చాడు. జేబులోంచి దారం ముడి అలాగే ఉన్న ఎండిన మోదుగాకు పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. రాచకొండ గుట్టల దారిలో దొరికిందట. దళం వాళ్ళకు ఇక్కణ్ణుంచే తిండి పోతోందట. నువ్వు రోజూ బయటి తిండే తింటవు గద, గిది ఎవరి చేతి ముడి, ఎల్లుండి మళ్లొస్త, పేరు చెప్పాలె అన్నాడు. దొరికితే ఏం చేస్తాడో కూడా చెప్పాడు. అది రాయను.

ఆ ముడి చూడగానే నా గోళ్ళు నొప్పి పుట్టాయి.

జూన్ 28, సాయంత్రం

ఈదమ్మకు చెప్పాను. దళంలో ఉన్నది ఆమె తమ్ముడు అంజిలయ్యట. పంపితే పంపావు, అదే ముడి ఎందుకేశావని కసిరాను. అవ్, తప్పయింది, పుట్టినకాంచి వల అల్లిన చేతులు, వాటంతటవే ఏస్తయ్, ఇంకో ముడి నాకు రాదు అంది. ఇప్పుడు పొట్లాలమ్మడం మానేస్తే ఇంకా అనుమానం.

సిగ్గు లేకుండా రాస్తున్నాను, నాకు ముందు బాధేసింది నా లంచ్ గురించి. ఆ తర్వాతే ఆమె గురించి.

కానీ ఒకటి తోచింది. ఈ ముడి ఒక్కరిదే అయితే పట్టుకుంటారు. ఊరందరిదీ అయితే?

జూన్ 29

ఈదమ్మ కడుపునొప్పని వచ్చి రోగుల వరసలో కూర్చుంది. అందరూ పోయాక దారం తీసి ముడి వేసి చూపించింది. నాకు రాలేదు. మళ్ళీ చూపించింది. ఊహూఁ. విసుక్కుంది. ఇంజక్షన్లిచ్చే చేతులకు గింత ముడి రాదా అని, నా వేళ్ళు పట్టుకుని, ఇదిగో గిట్ల తిప్పు, గట్ల గుంజు అని నేర్పింది. తర్వాత తన చేతుల వంక చూసుకుంది. నేనూ చూశాను. వస్తది తీ తమ్మీ అంది.

ఇవాళ నా చేతి మీదుగా పోయిన ప్రతి మందు పొట్లానికీ అదే ముడి. బ్యాండేజ్‌లకూ అదే. అమీన్ ఇంటి నౌకరు వచ్చి బీబీకి జ్వరం పొడి తీసుకెళ్ళాడు. దానికి మరీ శ్రద్ధగా వేశాను.

జూన్ 30

అమీన్ డ్రెస్సింగ్‌కు కూర్చుని, కట్టు కట్టడం కాగానే పేరడిగాడు. సాబ్, గీ ముడి మీ ఇంట్ల సుత ఉంటది అన్నాను. బల్ల మీది పొట్లాలు చూశాడు. తన కాలి కట్టు చూశాడు. ఎక్కడ నేర్చుకున్నావన్నాడు. కట్ట మీద వలలు చూసి, వానకు జారదని అన్నాను. చెంప మీద ఒక్కటిచ్చి, ఎండాకు పొట్లం బయటికి విసిరేసి పోయాడు.

చెవిలో హోరు ఇంకా తగ్గలేదు. మస్తు సంతోషంగా ఉంది.

ఆగస్టు 16

ముసురు. లంచ్: రొట్టె, చెరువు చేప పులుసు. అంజిలయ్య బతికే ఉన్నాడట.

సెప్టెంబర్ 18

యూనియన్ మిలిటరీ వచ్చేసింది. నైజాం లొంగిపోయాడు. అమీన్ ఎటు పోయాడో తెలీదు. వీధుల్లో కేకలు, రంగులు. హోటలాయన కూడా జెండా కట్టాడు. పోయి చూశాను. వెనక వాకిలే చూపించాడు.

సెప్టెంబర్ 27

ఈదమ్మ ఇవాళ కూడా పొట్లం బండ మీదే పెట్టింది. పక్కన వాళ్ళవాళ్ళు కూర్చుని ఉన్నారు. వేళ్ళు పట్టుకున్నప్పుడు ఏమైంది ఈ మడి? రొట్టె సగం కాకులకేశాను.

నవంబర్ 9

కొత్త ప్రభుత్వం వచ్చినా గుట్టల్లో దళం కోసం వేట ఆగలేదు. అంజిలయ్య ఇంకా అక్కడే ఉన్నాడు. కొత్త పోలీసు ఆఫీసర్ దవాఖానకొచ్చి అదే మోదుగాకు, అదే దారం బల్ల మీద పెట్టాడు. ఈ ముడి మందు పొట్లాలకు సుత ఉంటది గద, మీ అందరినీ స్టేషన్‌కు పట్కపోత అన్నాడు. ఈయన దగ్గర ఆ ఉపాయం పారదు.

సాయంత్రం ఈదమ్మకు చెప్పాను. మరి దారమే కట్టకుంటె, అంది.

నవంబర్ 10

లంచ్: జొన్నరొట్టె, పరకలు.

దారం లేని పొట్లం బండ మీద పెడితే విచ్చుకుంటుంది. ఈదమ్మ రెండు చేతులా మూసి పట్టుకుని, వాళ్ళవాళ్ళందరూ చూస్తుండగా, గట్టిగ పట్టు తమ్మీ అని నా చేతుల్లో పెట్టింది.