నీ చెవి, నా చిగుళ్ళు

తెనాలి

తమ్ముడు రత్నాకర్‌కి, ఫోన్లో నీకు వినపడదని కార్డు రాస్తున్నాను. ప్రభువు దయవల్ల లేచి తిరుగుతున్నాను, కంగారుపడకు.

పన్ను పీకించుకోవడానికి వెళ్తే బీపీ నూట తొంభై ఉందని పీకలేదు. పెద్ద డాక్టరు మెడకు స్కాన్ తీయించి, రక్తనాళం గోడ మందమైందన్నారు. "చిగుళ్ళ నుంచి రక్తం ఎన్నాళ్ళుగా వస్తోందమ్మా?" అనడిగితే "ఇరవై ఏళ్ళండి" అన్నాను. చిగుళ్ళలో చీము పట్టిందట, అలా ఒంట్లో చీము ఏళ్ళ తరబడి ఉంటే రక్తనాళాలకూ చేటేనట. అప్పుడు నీ చెవి గుర్తొచ్చింది. చిన్నప్పుడు చీము కారుతుంటే, అదే తగ్గుతుందిలే అని అమ్మకు చెప్పి నూనె పోసింది నేనే.

ఉప్పు తగ్గించమన్నారు, మరదలితో ఇక ఎండుచేపలు పంపొద్దని చెప్పు. నువ్వు బీపీ చూపించుకున్నావా? వచ్చే శుక్రవారం రేపల్లె పాసింజరుకి రా, ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్దాం. పిల్లలకు దీవెనలు.

స్టేషన్లో కేకేసినా నీకు వినపడదు. గేటు దగ్గర కనపడేలా నిలబడతాను.

అక్క దేవకుమారి